మొదటి సైటేషన్, ఇరవై మూడో చెట్టు

మా కాలేజీకి తనిఖీ టీమ్ వస్తదని తెలిసిన నెలల ప్రిన్సిపాల్ సారు అందరికి ఒక ఫారం పంచిండు. మాది మహబూబ్‌నగర్‌ల సర్కారు డిగ్రీ కాలేజీ. నేను బయోటెక్నాలజీ చెప్త. ఆ ఫారంల చానా గళ్లున్నయి. "మీరు అచ్చేసిన పరిశోధన పత్రాలు ఎన్ని" అని ఒక గడి. దాని పక్క గడిల "వాటికి వచ్చిన సైటేషన్లు ఎన్ని" అని ఉన్నది. మొదటి దాంట్ల ఒకటి అని రాసిన. రెండో దాంట్ల సున్నా పెట్టిన. ఆ సున్నాను గూడ జర చిన్నగనే పెట్టిన.

సైటేషన్ అంటే పెద్ద ముచ్చటేం కాదు. ఒకరు పరిశోధన పత్రం రాసేటప్పుడు, తమకంటె ముందు ఎవరెవరు ఆ పని చేసిండ్రో చివర్ల వరుసగ చెప్తరు. ఆ వరుసల మన పేపరు ఉంటే మనకొక సైటేషన్ వచ్చినట్టు. ఇంటర్నెట్‌ల మన పేరు మీద ఒక పేజీ ఉంటది. ఎవరన్న మన పేపరును చెప్పుకుంటే ఆ పేజీల అంకె దానంతట అదే పెరుగుతది. ప్రమోషన్లకు, ఇంటర్వ్యూలకు ఆ అంకెనే చూస్తరు. నా పేపరు అచ్చయి నాలుగేండ్లయినా అంకె పెరగలే. మొదటి ఏడాది వారానికోసారి చూసుకునేదాన్ని. తర్వాత నెలకోసారి. తర్వాత చూసుడే బంద్ చేసిన.

స్టాఫ్‌రూంల నా పక్క బల్ల కెమిస్ట్రీ మేడంది. ఆమె నా ఫారం దిక్కు చూసి, "సున్నా అని గట్ల ఎట్ల రాస్తున్నవు? ఎప్పుడు చూసుకున్నవు?" అన్నది.

"ఏడాది దాటింది."

"జరుగు, నేను చూస్త."

ఆమె నా కంప్యూటర్‌ల నా పేరు కొట్టింది. పేజీ తెరుసుకునే దాక ఇద్దరం చూసుకుంట కూసున్నం. సున్నా ఉండేకాడ ఒకటి ఉన్నది.

"ఏయ్, చూసినవా!" అని ఆమె నా వీపు మీద చరిచింది. స్టాఫ్‌రూంల ఉన్నోళ్లందరికి చెప్పింది. బ్రెజిల్ దేశంల ఒక పరిశోధకురాలు తన పేపర్ల నా పేపరును చెప్పుకున్నదట. బ్రెజిల్ అంటే నారింజ తోటలకు ప్రపంచంల పెద్ద పేరున్న జాగా. గసొంటి దేశంల ఒకామె నా పని చదివిందంటె నాకు నిజంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ప్యూన్‌ను పంపి అందరికి మిర్చి బజ్జీలు, చాయ తెప్పిచ్చిన. ఫారంల సున్నాను కొట్టేసి ఒకటి అని రాసిన. గీసారి పెద్దగ రాసిన.

ఆ పేపరు గురించి జర మొదటి నుంచి చెప్పాలె.

మాది కట్టంగూర్ దగ్గర ఒక ఊరు. మాకు భూమి లేకుండె. నాయిన నేను చిన్నగున్నప్పుడే పోయిండు. అమ్మ బత్తాయి తోటలల్ల కాయ కోసే పనికి పొయ్యేది. నల్లగొండ దిక్కు బత్తాయి పంట ఎంతుంటదో అందరికి ఎరుకే. అమ్మ పొయ్యే తోటలల్ల ఒకటి హైవేకు దగ్గరనే ఉంటది. ఆ తోటాయనను అమ్మ "పటేలా" అని పిలిచేది. ఆయన అమ్మను పేరు పెట్టి పిలిచేటోడు. బడి సెలవులల్ల నేను గూడ పోయి రాలిన కాయలు ఏరేదాన్ని.

ఎమ్మెస్సీ అయినంక జడ్చర్లల ఒక మందుల కంపెనీల క్వాలిటీ టెస్టింగ్ చేసే నౌకరీ దొరికింది. రెండేండ్లు చేసిన. మా ఆయన గూడ ఆ కంపెనీలనే పరిచయం. పెండ్లయినంక పీహెచ్‌డీల సీటు వచ్చింది. అప్పుడు తెలంగాణ వచ్చి ఎక్కువ రోజులు కాలే. ఏ టాపిక్ తీసుకుంటవని మా గైడ్ సారు అడిగితే, బత్తాయికి వచ్చే గ్రీనింగ్ తెగులు అని చెప్పిన. ఆ తెగులు వస్తె ఆకు ఒక పక్క పచ్చగ, ఒక పక్క పసుపుగ మచ్చలు మచ్చలు అయితది. కాయ వంకర తిరుగుతది, చేదొస్తది. చెట్టు మెల్లగ ఎండుతది. దాన్ని మల్ల బాగుచేసే మందు లేదు. పక్క చెట్లకు అంటకుండ ఆ చెట్టును పీకేసుడే దారి. కష్టమేందంటె, భూమిల జింక్ తక్కువైనా ఆకు జరంత గట్లనే పసుపైతది. కండ్ల తోటి చూసి ఇది తెగులా, బలం లేకనా అని చెప్పలేం. ఆకులనుంచి డీఎన్‌ఏ తీసి పరీక్ష చెయ్యాలె. నా పనదే.

ఆకుల కోసం అమ్మ పనిచేసే తోటకే పోయిన. తోటాయన నన్ను గుర్తుపట్టలే. అమ్మ, "నా బిడ్డనే పటేలా, డాక్టర్ చదువు చదువుతాంది" అన్నది. నేను మనుషుల డాక్టర్‌ను కానని చెప్పబోయిన. ఆయన అప్పటికే కుర్చీ తెప్పిచ్చి ఏసిండు. నేను కూసున్న. అమ్మ నా పక్కన నిలబడ్డది. ఆయనను ఏమని పిల్వాలెనో నాకు తెల్వలే. పటేలా అనబుద్ధి కాలే. సార్ అంటె అదో తీరుగ ఉన్నది. ఏం అనకుండనే పని గడుపుకున్న.

నలభై చెట్లకు ఆకులు తెంపినం. నేను ప్రతి చెట్టు మొదలుకు పెయింట్ తోటి నంబరు ఏసిన. అమ్మకు అంకెలు రావు గని, ఏ చెట్టు ఎక్కడున్నదో మతిల పెట్టుకుంటది. ఆకులు వాడకుండ ఐసుల పెట్టాలె. నందికొండ డ్యాం నుంచి చాపలు తెచ్చి హైవే మీద అమ్మే ఒకాయన ఐసు ఇచ్చిండు. ఆ డబ్బా ల్యాబ్‌ల తెరిస్తె చాపల వాసన గుప్పుమన్నది. నా తోటి పీహెచ్‌డీ చేసేటోళ్లు నెల రోజులు నవ్విండ్రు.

పరీక్ష ఎట్ల జరుగుతదో రెండు మాటలల్ల చెప్త. పీసీఆర్ అని ఒక మిషన్ ఉంటది. ఆకు నుంచి తీసిన డీఎన్‌ఏల తెగులు సూక్ష్మజీవిది రవ్వంత ఉన్నా, ఆ మిషన్ దాన్ని లక్షల కాపీలు చేస్తది. లేకపోతే ఏం చెయ్యదు. దేన్ని వెతకాలెనో చూపిచ్చేది ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క. దాన్ని ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాల తోటి రాస్తం. ఇరవై అక్షరాల మాట అనుకోండ్రి. ఆ అక్షరాలు ఒక కంపెనీకి పంపితే, వాళ్లు ఆ ముక్కను తయారుచేసి చిన్న గొట్టంల పంపుతరు. ఆ మాటకు చివరి అక్షరం తప్పయితే పని మొదలే కాదు. అంతా సరిగుంటే, తెగులున్న చెట్టుకు జెల్ అనే మెత్తటి పలక మీద ఒక తెల్ల గీత కనబడతది. లేని చెట్టుకు ఏం కనబడదు.

నలభై చెట్లల్ల పదకొండిటికి గీత వచ్చింది. నేనే పోయి తోటాయనకు ఆ నంబర్లు కాయితం మీద రాసిచ్చిన. "ఇవి ఉంటె మిగిలినయి గూడ పోతయి" అని చెప్పిన. ఆయన చానా సేపు ఆ కాయితాన్నే చూసిండు. మంచి కాపు మీదున్న చెట్లు అవి. వారం తర్వాత అమ్మ ఫోన్ చేసి, "పదకొండు చెట్లూ జేసీబీ తోటి పీకిచ్చిండు" అని చెప్పింది. ఆ రోజు నాకు గర్వమనిపిచ్చింది. నేను చేసిన పరీక్షను నమ్మి ఒక రైతు అంత పని చేసిండు గదా అని. ఆ పనినే గైడ్ సారు, నేను కలిసి పేపరుగ రాసినం. రెండు పత్రికలు వద్దన్నయి, మూడోది అచ్చేసింది.

మల్ల బజ్జీలు తిన్న రోజుకు వస్త. తెల్లారి బ్రెజిల్ ఆమె రాసిన పేపరు మొత్తం చేతికొచ్చింది. కెమిస్ట్రీ మేడం ఎవరినో అడిగి తెప్పిచ్చింది. ఇంటర్వెల్‌ల కూసోని చదువుడు మొదలుపెట్టిన. నా పేరు కోసం వెతుక్కుంట పోయిన. నాలుగో పేజీల ఉన్నది. ఒకటే వాక్యం. ఫలానా పేపర్ల ఇచ్చిన ప్రైమర్లతోటి మేము ఎన్నిసార్లు చేసినా మాకు ఏ ఫలితం రాలేదు, అందుకే వాటిని వాడలేదు అని.

మల్ల చదివిన. మూడోసారి గూడ చదివిన. మేడం, "ఏం రాసింది? మెచ్చుకున్నదా?" అని అడిగింది.

"పనిచెయ్యలేదని రాసింది."

ఆమె పేపరు గుంజుకోని చదివింది. తర్వాత మెల్లగ అన్నది, "కంప్యూటర్‌కు తిట్టు, పొగుడు తెల్వదు. లెక్కల ఒకటే. నీ ఒకటి ఎక్కడికి పోదు."

ఆమె నన్ను ఓదార్చనీకె అన్నది. అది నిజం గూడ. నేను నా పేపరు తీసి, ప్రైమర్ల పట్టిక చూసిన. రెండు ప్రైమర్లు. రెండోదాని చివర జీ ఉన్నది. అక్కడ సీ ఉండాలె. నాకు ఆ అక్షరాలు నోటికొచ్చు, నిద్రల లేపి అడిగినా చెప్త. చివరి అక్షరమే తప్పున్నది.

పేపర్ల మాత్రమే తప్పు పడ్డదా, లేక కంపెనీకి పంపినప్పుడే తప్పు పంపిన్నా? పేపర్ల పడితె అచ్చు తప్పు. కంపెనీకే తప్పు పంపి ఉంటె, గీతనే రావద్దు గదా, మరి నేను చూసిన తెల్ల గీతలు ఏంది? అవి తెగులువి కాకపోతే, ఆ పదకొండు చెట్లు ఎందుకు పీకిచ్చిన?

ఆ పొద్దు మిగిలిన రెండు క్లాసులు ఎట్ల చెప్పిన్నో నాకే తెల్వదు.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన. ఆయన స్టూలు ఏసుకోని సజ్జ మీదికెక్కిండు. నా పీహెచ్‌డీ నోట్‌బుక్కులున్న డబ్బా కిందికి దించిండు. మూడో పుస్తకంల, ప్రైమర్లు వచ్చిన రోజు పేజీల, కంపెనీ చీటీని టేపు పెట్టి అతికిచ్చి ఉన్నది. టేపు పసుపైంది గని అక్షరాలు మంచిగనే కనబడ్డయి. చివర సీ. "సరిగనే ఉన్నది" అన్న. మా ఆయన స్టూలు మీదనే కూలబడ్డడు. ఇద్దరం నవ్వినం.

అక్కడ్నే పుస్తకం మూసి ఉంటె అయిపోతుండె. నేను పేజీలు తిప్పుకుంట పోయిన. జెల్ ఫోటోలు ఒక్కొక్కటే చూస్తున్న. పది చెట్లకు గీతలు మంచిగ, మందంగ ఉన్నయి. ఇరవై మూడో నంబరుకు గీత ఉన్నదా లేదా అన్నట్టు ఉన్నది. దాని పక్కన ఎర్ర పెన్ను తోటి నా చేతి రాత, "మళ్లీ చేయాలి" అని. తర్వాత పేజీలన్ని వెతికిన. మల్ల చెయ్యలే.

అప్పుడు నాకు మతికొచ్చింది. పత్రికకు పంపే గడువు దగ్గర పడ్డది. ఇరవై మూడో నంబరు ఆకు అయిపోయింది. మల్ల తోటకు పోయి తేవాలె. గైడ్ సారుకు చూపిస్తె, "సన్నగ ఉన్నా గీత గీతే కదమ్మా" అన్నరు. నేను గూడ సరే అనుకున్న. తోటాయనకు ఇచ్చిన కాయితంల ఆ నంబరు గూడ రాసిన. ఎర్ర పెన్ను తోటి రాసింది ఆయనకు చెప్పలే.

తెల్లారి సారుకు ఫోన్ చేసిన. ఆయన రిటైరయి హైదరాబాద్‌ల ఉంటున్నరు. ముందుగాల అక్షరం సంగతి చెప్పిన.

"అయ్యో. టైపు చేసేటప్పుడు తప్పు పడి ఉంటుంది. చదివి సరిచూడాల్సింది నేనూ సరిచూడలేదు" అన్నరు. "సరే, పత్రికకు సవరణ రాద్దాం. దానికేముంది."

"ఇంకొకటున్నది సార్. ఇరవై మూడో నంబరు." నోట్‌బుక్కుల చూసింది చెప్పిన. "దాన్ని గూడ సవరణల రాద్దాం సార్. పదకొండు కాదు, పది. ఒకటి అనుమానం అని."

"చూడమ్మా. అక్షరం తప్పంటే అచ్చు తప్పు. ఎవరూ ఏమీ అనుకోరు. ఇది రాస్తే మన తప్పు. ఇన్నేళ్ల తర్వాత ఎవరడిగారని?"

"ఎవరు అడగలే సార్."

"మరి?"

"చెట్టు పీకేసిండ్రు సార్."

ఆయన మల్ల ఫోన్ చేస్త అని పెట్టేసిండ్రు. వారమైంది, రెండు వారాలైంది. ఇద్దరి సంతకాలుంటేనే పత్రిక సవరణ అచ్చేస్తది. నేను సవరణ రాసి ఆయనకు పంపిన. ఆయన మీద కోపం రాలే. నాకు పీహెచ్‌డీల సీటిచ్చింది ఆయననే. కూలి చేసుకునే ఇంటి పిల్లకు గీ పనులేం వస్తయి అన్నోళ్ల ముందట నిలబడి, నా పిల్ల చేస్తుంది అన్నది గూడ ఆయననే. అందుకే మల్ల ఫోన్ చెయ్యబుద్ధి కాలే.

ఆయన జవాబు కోసం చూడకుండ ముందు ఊరికి పోవాలె అనుకున్న. ఒక ఆదివారం పొద్దుగాల మహబూబ్‌నగర్‌ల బస్సెక్కి, కల్వకుర్తి, దేవరకొండ మీదికెళ్లి నల్లగొండ పోయి, అక్కడ ఇంకో బస్సు పట్టుకోని కట్టంగూర్‌ల దిగిన. అప్పటికి అమ్మ చర్చి నుంచి వచ్చి బస్టాండు కాడ నిలబడి ఉన్నది. సంగతి అమ్మకు ఫోన్‌ల చెప్పలే. తోటకు నడుసుకుంట పోతాంటె చెప్పిన.

"ఇరవై మూడో నంబరా?" అన్నది అమ్మ. "ఏది?"

"నంబరే తెలుసు. ఏ చెట్టో నాకు తెల్వదు."

"పెయింట్ తోటి రెండు పక్షులోలె గీసినవు సూడు, అదా?" అమ్మకు అంకెలు బొమ్మల లెక్క గుర్తుంటయి. ఇంగ్లీషుల రెండు, మూడు పక్కపక్కన రాస్తె పక్షులోలె ఉంటయి గావచ్చు. "అది కరెంటు డబ్బా పక్కది. ఎప్పుడు ఎండల ఉండేది. దాని కాయ తియ్యగనే ఉండె."

తోటాయన మోటరు కాడ ఉన్నడు. జర ముసలితనం వచ్చింది గని నడుస్తనే ఉన్నడు. నన్ను చూసి, "రా బిడ్డా, మేడంవు అయినవట గదా" అన్నడు. కుర్చీ తెప్పియ్యబోయిండు. నేను వద్దన్న. అమ్మ పోయి పైపు మీద కూసున్నది. నేను నిలబడే చెప్పిన. అప్పుడు పీకిచ్చిన పదకొండు చెట్లల్ల పదిటికి తెగులున్నది నిజం. ఒకదానికి ఉన్నదో లేదో నాకు పక్కా తెల్వదు. మల్ల పరీక్ష చెయ్యాలని పుస్తకంల రాసుకున్న గని చెయ్యలే. చెయ్యకుండనే నీకు నంబరు ఇచ్చిన.

ఆయనకు అర్థం కానీకె జర సేపు పట్టింది. "అంటె, అది మంచి చెట్టా?"

"అయ్యుండొచ్చు. కాకపోవచ్చు గూడ. ఇప్పుడు తెల్సుకునే దారి లేదు."

"ఏ చెట్టు?"

"కరెంటు డబ్బా పక్కది పటేలా" అన్నది అమ్మ.

ఆయన ఆ దిక్కు చూసిండు. అక్కడ ఇప్పుడు వేరే చెట్టున్నది, చిన్నది. ఆయన మొఖం ఎర్రగయింది. అరవలే. "మల్ల చెయ్యాలె అని రాసుకున్నవు గదా. నాకు ఫోన్ చేస్తె రెండాకులు పంపకపోతుంటినా? మీ అమ్మ రోజు ఈడికే వచ్చేది. సంచిల ఏసుకోని పోయేది గదా, రెండాకులు."

"తప్పయింది పెదనాయినా" అన్న. ఆ మాట నోట్ల నుంచి దానంతట అదే వచ్చింది. ఇన్నేండ్లు ఏమని పిల్వాలెనో తెల్వక ఊకున్న మనిషిని పెదనాయిన అన్న. అమ్మ దిగ్గున నా దిక్కు చూసింది. ఆయన దాన్ని పట్టిచ్చుకోలే.

కాసేపటికి ఆయన తువ్వాల భుజాన ఏసుకోని, "రా" అని ముందల నడిచిండు. చెట్లు పీకిన జాగాలల్ల పెట్టిన కొత్త చెట్ల కాడికి తీస్కపోయిండు. మూడు చెట్లకు ఆకు పసుపు మచ్చలున్నయి. "వీటికేమొచ్చింది? ఇవి గూడ పీకాల్నా? మొన్న మందుల దుకాణమోడు జింక్ కొట్టు అన్నడు. నాకు ఏది నమ్మాలెనో తెలుస్తలేదు. నువ్వే చెప్పు. ఈసారి రెండుసార్లు చేసి చెప్పు."

"మూడుసార్లు చేస్త" అన్న.

అప్పటికప్పుడు ఆకులు తెంపుకున్న. ఐసు దొరకలే. హైవే మీద కూల్‌డ్రింక్ దుకాణంల చల్లటి నీళ్ల సీసాలు నాలుగు కొని, వాటి నడుమ ఆకుల కవర్లు పెట్టి తువ్వాల చుట్టిన. బస్సెక్కుతాంటె అమ్మ అన్నది, "ఆయన కోపం నీ మీద గాదు. చెట్టు మీద పాణం." తర్వాత మల్ల తనే, "నీ మీద గూడ ఉన్నది తియ్యి" అన్నది.

మా కాలేజీల ఒక పీసీఆర్ మిషన్ ఉన్నది. ఏదో స్కీంల వచ్చింది. నేను చేరేటప్పటికి దాని మీద ప్లాస్టిక్ కవర్ గూడ తియ్యలే. ప్రాక్టికల్స్‌ల దాన్ని పిల్లలకు చూపిచ్చుడే గని నడిపింది లేదు. ప్రిన్సిపాల్ సారును అడిగి, సరైన ప్రైమర్లు తెప్పిచ్చి, ఫైనలియర్ పిల్లలను ముగ్గురిని పక్కన పెట్టుకోని మొదలుపెట్టిన. మొదటి రెండుసార్లు కరెంటు పోయి పని ఖరాబైంది. తర్వాత కుదిరింది. ప్రతి ఆకును మూడుసార్లు చేసినం. రెండు చెట్లకు మూడుసార్లూ గీత మందంగ వచ్చింది. మూడోదానికి ఒక్కసారి గూడ రాలే. అది జింక్ తక్కువనే అయ్యుంటది. ఆ పిల్లలల్ల ఒకామె తెలుగుల రిపోర్టు రాసింది. చూసింది ఏంది, ఎన్నిసార్లు చేసినం, ఎంత వరకు చెప్పగలం, ఏది చెప్పలేం అని. నేను దాన్ని సరిచూసి సంతకం చేసి పంపిన. తోటాయన రెండు చెట్లు పీకిచ్చి, మూడోదానికి జింక్ కొట్టిండు. రెండు నెలలకు కొత్త ఆకు పచ్చగ వచ్చిందని అమ్మ చెప్పింది.

గైడ్ సారు నెలన్నరకు జవాబిచ్చిండ్రు. నేను పంపిన సవరణ మీద ఒక్క మాట మార్చకుండ సంతకం పెట్టి పంపిండ్రు. కింద ఒక లైను రాసిండ్రు. "ఆరోజు మళ్లీ చెయ్యమని నేను చెప్పాల్సింది." ఫోన్ చేస్తె ఆ సంగతి ఎత్తలే. పిల్లలు బాగున్నరా, క్లాసులు ఎట్లున్నయి అని అడిగి పెట్టేసిండ్రు. నేను గూడ ఎత్తలే.

సవరణ అచ్చయినంక బ్రెజిల్ ఆమెకు మెయిల్ రాసిన. అక్షరం మాది తప్పు, మీకు అయిన ఇబ్బందికి మన్నించండి అని. రెండు రోజులల్ల జవాబొచ్చింది. సరైన అక్షరం తోటి చేస్తె వెంటనే పనిచేసిందని, వాళ్ల చెట్లకు గూడ గీత వస్తున్నదని. తప్పును ఒప్పుకుంట ఉత్తరం రాసేటోళ్లు తనకు ఎక్కువ తగల్లేదని గూడ రాసింది. తర్వాత ఏడాది ఆమె ఇంకో పేపరు అచ్చేసింది. దాంట్ల నా పేపరును, నా సవరణను రెండిటిని చెప్పుకున్నది. నా అంకె రెండయింది. కెమిస్ట్రీ మేడం మల్ల బజ్జీలు అడిగింది. ఈసారి ముందుగాల పేపరు చదివి, తర్వాత తెప్పిచ్చిన.

అంకె అక్కడ్నుంచి మెల్లగ పెరుగుతనే ఉన్నది. ఇంకా చిన్నదే. మేడం అంకె ముందట దాన్ని చూపియ్యలేం. కొందరు పేపరును చెప్తరు గని సవరణ చూడరు. ఒకరైతె పదకొండు చెట్లు అనే రాసిండ్రు. వాళ్లకు మెయిల్ రాసిన. చూసుకోలేదు, వచ్చేసారి సరిగ రాస్తం అన్నరు. ఎవరన్న చెప్పుకున్నరని తెలిస్తె ఇప్పుడు సంతోషం కంటె ముందు, ఏమని చెప్పుకున్నరో అని చూస్త.

ప్రమోషన్ ఇంటర్వ్యూల ఆ సవరణనే అడ్డమొచ్చింది. బయటి నుంచి వచ్చిన నిపుణుడు నా కాయితాలు తిరగేసి, "ఉన్నదే ఒక్క పేపరు. దానికీ సవరణా?" అన్నడు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. అక్షరం సంగతి, ఇరవై మూడో చెట్టు సంగతి. ఆయన అద్దాలు తీసి, "ఈ రెండోది మీరే బయటపెట్టారా?" అని అడిగిండు. అవునన్న. "ఎందుకు?" అన్నడు. తోటాయనకు చెప్పినంక పత్రికకు చెప్పకుండ ఉండలేకపోయిన్నని చెప్పిన. ఆయన ఏదో రాసుకున్నడు. ఆ ఏడాది నాకు ప్రమోషన్ రాలే. సైటేషన్లు తక్కువున్నయని కారణం రాసిండ్రు. తర్వాత ఏడాది మల్ల పెట్టుకున్న, అప్పుడు వచ్చింది. సవరణ వల్ల ఆగిందా, సవరణ వల్ల వచ్చిందా అన్నది నాకు తెల్వదు. మా ఆయన మాత్రం, అంకె పెరిగింది గనక ఇచ్చిండ్రు, ఇంకేం లేదు అంటడు. ఆయన మాటనే నిజమై ఉంటది.

తోటాయన ఆ తెలుగు రిపోర్టును చుట్టుపక్కల రైతులకు చూపిచ్చిండు. వాళ్లు ఫోన్లు చేసుడు మొదలుపెట్టిండ్రు. పెట్టిన చెట్లను పీకుడు కంటె, కొనేముందే చూసుకుంటె మంచిది గదా అని నేనే అన్న. అట్ల పోయిన ఎండకాలం నుంచి, మొక్కలు కొనేముందు నాలుగైదు మొక్కల ఆకులు మా కాలేజీకి పంపుతున్నరు. అమ్మ కాయ కోసుడు తగ్గిచ్చింది. రైతుల కాడ ఆకులు జమచేసి, ఏది ఎవరిదో సంచులకు రంగు రంగు దారాలు కట్టి, నల్లగొండల బస్సెక్కిస్తది. కాలేజీ పిల్లలు ఇక్కడ దించుకుంటరు. ఏ రంగు ఎవరిదో అమ్మ ఫోన్‌ల చెప్తది, పిల్లలు రాసుకుంటరు. ఇప్పటి దాక ఒక్కటి గూడ తారుమారు కాలే.

ఒక నర్సరీ నుంచి వచ్చిన మొక్కలల్ల రెండుసార్లు తెగులు బయటపడ్డది. నేనే ఆ నర్సరీ ఆయనకు ఫోన్ చేసి, అంటు కట్టే తల్లి చెట్లను ఒకసారి పరీక్ష చేయిద్దాం, పైసలేం వద్దు అని చెప్పిన. ఆలోచిస్త అన్నడు. ఆ తర్వాత నాలుగుసార్లు చేసిన. నా ఫోన్ ఎత్తుతలేడు. వచ్చే ఆదివారం అమ్మను తీస్కోని నర్సరీకే పోదామనుకుంటున్న.